పనిచోట పెద్దరికం ఒక అమానత్

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)

 

పనిచోట మంచి నాయకుడు ఎట్లా ఉండాలి అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నాయకుడు అనగానే మనకు జెండాలు, మైకులు, ఎన్నికలు జ్ఞాపకం వస్తాయి. నేను ఆ నాయకుల సంగతి ఎత్తబోవడం లేదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ, బస్సు డిపోలో కంట్రోలరు, బట్టల అంగడిలో పెద్ద గుమాస్తా, బడిలో హెడ్మాస్టరు, ఆసుపత్రిలో హెడ్ నర్సు, కువైట్‌లో పదిమంది పనివాళ్ల మీద ఉండే ఫోర్‌మన్. ఈరోజు నా మాటలు వీళ్లను గురించి.

పని చేయడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. మన తాత తండ్రులు దూది ఏకినారు, జట్కాబండ్లు తోలినారు, నాపరాతి గనుల్లో సుత్తె పట్టినారు. కష్టం మనకు కొత్త కాదు. అయితే వాళ్లలో చాలామంది బతుకంతా ఒకరి కింద పనిచేసినవాళ్లే. ఇప్పుడు కాలం మారింది. మన పిల్లలు ఐ.టి.ఐ.లు, డిప్లొమాలు, డిగ్రీలు చదివి, పని చేయించే స్థానాలకు వస్తున్నారు. సంతోషమే. కానీ పని చేయడం ఒక విద్య, పని చేయించడం మరొక విద్య. మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది దానంతటదే రాదు.

నిన్నటిదాకా పక్కన నిలబడి టీ తాగినవాడు ఈరోజు మేస్త్రీ అయినాడనుకోండి. ఈరోజు నుండి హాజరు పుస్తకం అతని చేతిలో ఉంటుంది. ఒకని పేరు ఎదుట పూర్తి రోజు రాయాలా, సగం రోజు రాయాలా అన్నది అతని కలం నిర్ణయిస్తుంది. ఆ సగం రోజు అతనికి ఒక చిన్న గీత. అవతలి ఇంట్లో అది ఆ సాయంత్రపు బియ్యం, పిల్లవాని మందు సీసా. ఇంత చిన్న అధికారానికి ఇంత బరువు ఉంది. అందుకే నేను దీన్ని పెత్తనం అనను, అమానత్ అంటాను. అమానత్ అంటే ఏమిటో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఒకరు మనలను నమ్మి మన దగ్గర దాచిన సొత్తు. అడిగిననాడు ఉన్నదున్నట్టు అప్పజెప్పాలి. మనం వాడుకోరాదు, తరుగు రానీయరాదు. పనివాని కాలం, పనివాని కూలి, పనివాని ఒళ్లు, పనివాని పరువు, ఈ నాలుగూ మేస్త్రీ చేతిలో ఉన్న అమానత్.

ఈ అమానత్‌ను ఎవరు కాపాడతారో, ఎవరు కాపాడరో పని సాఫీగా సాగినన్నాళ్లు తెలియదు. పని చెడిననాడు తెలుస్తుంది. దీనికి మన ఆంధ్ర దేశంలోనే జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను.

ఆనాటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోట ఉంది. 1979 ఆగస్టు 10వ తేదీన అక్కడినుండి మన దేశం సొంతంగా తయారుచేసిన ఎస్.ఎల్.వి.-3 అనే రాకెట్టును మొదటిసారి ప్రయోగించినారు. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు అంచెలు. దానికి సారథి రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం గారు. ఏండ్ల తరబడి వందలాది మంది పడిన శ్రమ అది. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆగమన్నది. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి ఫరవాలేదన్నారు. కలాం గారు కంప్యూటరును పక్కనబెట్టి ముందుకే పొమ్మన్నారు. మొదటి అంచె బాగానే మండింది. రెండవ అంచెలో నియంత్రణ వ్యవస్థ చెడింది. దానికి కావలసిన నైట్రిక్ ఆమ్లం అంతకుముందే కారిపోయి ఉంది. 317 సెకన్లలో అంతా ముగిసి, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది.

ఇక పత్రికలవాళ్లకు సమాధానం చెప్పాలి. దేశపు డబ్బు సముద్రంలో పోసినారని అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అప్పుడు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు. ఆయన కలాం గారిని పక్కన కూర్చోబెట్టుకొని తానే మాట్లాడినారు. ఓటమి బాధ్యత తన మీద వేసుకొని, తన మనుషుల మీద తనకు నమ్మకం ఉందని, వచ్చే ఏడాది గెలుస్తామని చెప్పినారు. మరుసటి ఏడు, 1980 జులై 18న, అదే శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 మళ్లీ లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశమంతా పండుగ చేసుకొంది. ఆనాడు ధావన్ గారు పత్రికల ముందుకు తాను పోలేదు. కలాం గారినే పొమ్మన్నారు.

ఈ సంగతి కలాం గారు రాష్ట్రపతి అయిన తరువాత కూడా ఎన్నో సభల్లో చెప్పినారు. నాయకత్వం గురించి అడిగినప్పుడల్లా ఆయన తన గొప్ప చెప్పుకోలేదు, తన పై అధికారి గొప్ప చెప్పినారు. ధావన్ గారు 2002 జనవరిలో కన్నుమూసినారు. ఆ ఏడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టినారు.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్టు, సరుకు చెడితే పనివాళ్లు దొంగలంటాడు, సరుకు బాగా వస్తే నా పర్యవేక్షణ అంటాడు. యజమాని ముందర కింది మనిషిని వేలెత్తి చూపించే మేస్త్రీకి ఆ పూట గండం గడుస్తుంది. మరునాటి నుండి అతని కింద పనిచేసే ఒక్కడూ నిజం చెప్పడు. బండ పగిలితే దాచిపెడతారు, లెక్క తప్పితే సర్దిపెడతారు. నింద ముందు తాను నిలబడి, మెప్పు వచ్చినప్పుడు వెనక్కు జరిగేవానికే కిందివాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు. లోపల తప్పు జరిగినవానిని పిలిచి మందలించవద్దని నేను అనడం లేదు. గట్టిగానే మందలించాలి. అయితే అది గది లోపల, ఒక్కనితో. పదిమంది ముందర పరువు తీస్తే ఆ అమానత్ పోయినట్టే.

శ్రీహరికోట కథలో ఇంకొక పాఠం ఉంది. దాన్ని చాలామంది గమనించరు. 1979లో కంప్యూటరు ఆగమంటే ఆగలేదు. పదేండ్ల తరువాత, 1989 ఏప్రిల్ 20న, ఒడిశా తీరంలోని చాందీపూర్‌లో అగ్ని క్షిపణి ప్రయోగం. దానికీ పెద్ద కలాం గారే. అప్పటికి ఆయన హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాలకు డైరెక్టరు. ఇంకా కొద్ది సెకన్లు ఉందనగా కంప్యూటరు మళ్లీ ఆగమన్నది. ఈసారి ఆపినారు. మే 1న తిరిగి పూనుకొన్నారు. మళ్లీ లోపం కనబడింది. మళ్లీ ఆపినారు. పత్రికలు వ్యంగ్య చిత్రాలు వేసి నవ్వినాయి. నవ్వనిచ్చినారు. లోపం సరిచేసుకొని మే 22న ప్రయోగిస్తే అగ్ని అనుకొన్నట్టే ఎగిరింది.

మన ఫ్యాక్టరీలో కంప్యూటరు ఉండదు. పనివాని చెవే కంప్యూటరు. "అన్నా, మిషను శబ్దం మారింది" అంటాడు. బయట లారీ లోడు కోసం నిలబడి ఉంటుంది, డ్రైవరు హారన్ కొడుతుంటాడు, యజమాని ఫోను మీద ఫోను చేస్తుంటాడు. ఆ నిమిషంలో "ఏం కాదులే, ఈ ఒక్క లోడు కానీ" అనే మేస్త్రీ ఉన్నాడు, మెయిన్ ఆపేసి వచ్చి చూసే మేస్త్రీ ఉన్నాడు. లారీ ఒక గంట ఆలస్యమైతే నాలుగు మాటలు పడాలి. బెల్టులో చెయ్యి పోతే ఆ చెయ్యి ఏ యజమానీ తిరిగి ఇవ్వలేడు. ఆపడానికి కావలసిన ధైర్యం నడిపించడానికి కావలసిన ధైర్యం కంటే ఎక్కువ సుమా. నడిపితే పదిమంది మెచ్చుకొంటారు, ఆపితే ఒక్కడూ మెచ్చుకోడు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు కదా!

అయితే పనివాడు "శబ్దం మారింది" అని చెప్పాలంటే, చెబితే వినేవాడు ఉన్నాడన్న నమ్మకం ముందు ఉండాలి. వినడం నాయకునికి రెండవ పెద్ద గుణం. కలాం గారు 1982లో డి.ఆర్.డి.ఎల్.కు వచ్చినప్పుడు చేసిన మొదటి పనుల్లో ఒకటి సైన్స్ కౌన్సిల్ ఏర్పాటు చేయడం. మన ఊరి పంచాయతీ వంటిదే అది. పెద్ద శాస్త్రజ్ఞులు, కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఒకేచోట కూర్చొని మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు.

ఇది మనకు కొత్త విషయమా? హిజ్రీ 5వ సంవత్సరం, క్రీస్తు శకం 627లో, మదీనా మీదికి పెద్ద సైన్యం వస్తున్నదని తెలిసింది. ప్రవక్త (స) సహచరులను కూర్చోబెట్టి సలహా అడిగినారు. ఊరికి తెరిచి ఉన్న వైపున కందకం తవ్వుదామన్న సలహా సల్మాన్ ఫార్సీ (రజి) గారిది. ఆయన ఎవరు? అరబ్బు కాదు, పర్షియా నుండి వచ్చినవాడు, అంతకుముందు బానిసగా ఉండినవాడు. ఇట్లాంటి యుద్ధ పద్ధతి అరబ్బులకు తెలియదు. అయినా ఆ సలహాను అంగీకరించినారు. పని పంచినారు. పదిమందికి ఇంత పొడవని కొలిచి అప్పజెప్పినారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పంచిన తరువాత ప్రవక్త (స) పక్కన కూర్చోలేదు. చలిలో, ఆకలితో, అందరితో పాటు తానూ మట్టి మోసినారు. సలహా ఎవరిదని చూడలేదు, సలహా ఎట్లాంటిదని చూసినారు. పని ఎవరికెంతో తేల్చినారు. తామూ పనిలోకి దిగినారు. నాయకత్వం మీద ఎన్ని పుస్తకాలు రాసినా ఈ మూడింటిని దాటి పోవడం కష్టం.

మన కడప గడ్డ మీద కూడా ఒక మంచి ఉదాహరణ ఉంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో 21 ఏండ్ల వయసులో కుంపిణీ ఉద్యోగిగా కడపకు వచ్చినాడు. ఆయన అధికారి, తెలుగు పండితులు ఆయన దగ్గర జీతానికి పనిచేసినవాళ్లు. అయినా చదువు విషయంలో వాళ్లే తనకు గురువులని గుర్తించినాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు రాయించినాడు. జీతాలు తన చేతి డబ్బుతో ఇచ్చినాడు. ఆ శ్రమ ఫలితమే 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. కడపలో ఆయన బంగళా ఉండిన చోటనే నేడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. కింద పనిచేసేవానికి తనకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకొంటే పెద్దరికం తగ్గిపోతుందని భయపడేవాళ్లు ఒకసారి అక్కడికి పోయి చూసిరావచ్చు.

ఇక మూడవది న్యాయం. ఇక్కడ మనలో మనం కొంచెం గట్టిగా మాట్లాడుకోవాలి. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదు" అని సామెత. మనవాడు ఒకడు మేస్త్రీ అయితే, సూపర్‌వైజరు అయితే, మన ఇండ్లల్లో మొదట వచ్చే మాట ఏమిటి? "మావాణ్ణి పెట్టించు", "మావాని సెలవు సర్దు", "వాడు మన మనిషి కదా, చూసీ చూడనట్టు పో". అడగడం తప్పు కాదు. అర్హత ఉన్న పిల్లవాని పేరు చెప్పడమూ తప్పు కాదు. కానీ హాజరు పుస్తకం ముందర బంధుత్వం, కులం, మతం, జమాత్ అన్నీ బయట చెప్పుల దగ్గర విడిచి రావాలి. రంజాన్ నాడు మనకు సెలవు కావాలని అడిగే సూపర్‌వైజరు, ఉగాది నాడు, సంక్రాంతి నాడు తన కింది హిందూ పనివానికి సెలవు ముందే రాసిపెట్టి ఉండాలి. జుమా నమాజుకు పోయిన గంటను తరువాత కూర్చొని పూర్తిచేసే మనిషిని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క మనవానికి చేసిన అన్యాయపు మేలు, రేపు పదిమంది మన పిల్లలకు తలుపు మూసేస్తుంది. "వాళ్లను పెడితే వాళ్లవాళ్లనే నింపుకొంటారు" అన్న మాట ఒకసారి పుట్టిందంటే దాన్ని చెరపడం ఎవరి వల్లా కాదు.

న్యాయంలోనే కూలి సంగతి కూడా ఉంది. చేసిన పనికి కూలి ఆలస్యం చేయరాదని ప్రవక్త (స) ఆదేశం మనలో తెలియనివారు లేరు. పని ఒప్పుకొనేటప్పుడే కూలి ఎంతో తేల్చి చెప్పాలి. అడ్వాన్సు ఇచ్చినప్పుడు ఇద్దరి ముందర రాసుకోవాలి. శనివారం ఇస్తానన్నది శనివారమే ఇవ్వాలి. యజమాని దగ్గర డబ్బు రాకుంటే, ఎప్పుడు వస్తుందో నిజం చెప్పాలి. "రేపు, ఎల్లుండి" అని తిప్పే మేస్త్రీ మాటకు పనిలో కూడా విలువ ఉండదు. ఇంకొకటి, పిలుపు. పేరు పెట్టి పిలవండి. వయసులో పెద్దవాడైతే అన్నా అనండి, చాచా అనండి. పైసా ఖర్చు లేదు.

ఇక్కడ మా చెల్లెళ్లు, బిడ్డలు చాలామంది కూర్చొని ఉన్నారు. ఇదంతా మగవాళ్ల సంగతి అని వాళ్లు అనుకోరాదు. మక్కాలో హజ్రత్ ఖదీజా (రజి) గారు పెద్ద వ్యాపారస్తురాలు. తన సరుకుతో సిరియాకు పోయే బిడారును నడపడానికి మనిషి కావలసివచ్చినప్పుడు, నిజాయితీపరుడని పేరున్న యువకుని ఎంచుకొన్నారు. ఆయనే తరువాత మనకు ప్రవక్త (స) అయినారు. మనిషిని ఎట్లా ఎంచుకోవాలి, నమ్మి ఎట్లా పని అప్పజెప్పాలి అనేదానికి మన చరిత్రలో మొదటి పాఠం ఒక స్త్రీ చెప్పింది. ఈరోజు మన ఆడబిడ్డలు టీచర్లు, నర్సులు, పొదుపు సంఘాల లీడర్లు అవుతున్నారు. వాళ్ల పెద్దరికాన్ని ముందు మన ఇంట్లో మనం గౌరవించాలి. ఇంట్లో మాట చెల్లని ఆడబిడ్డ బయట పదిమందికి ఎట్లా చెప్పగలదు?

చివరి గుణం, తన తరువాతి మనిషిని తయారుచేయడం. కొందరు మేస్త్రీలు పని కిటుకు ఎవరికీ చెప్పరు. చెబితే తమ అవసరం తీరిపోతుందని భయం. కలాం గారు హైదరాబాదులో ఉన్నప్పుడు 1983లో పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అని ఐదు క్షిపణుల పథకం మంజూరైంది. ఐదింటినీ తన చేతిలోనే పెట్టుకోలేదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సారథిని నియమించి బాధ్యత అప్పజెప్పినారు. అందుకే ఆయన అక్కడినుండి వెళ్లిపోయిన తరువాత కూడా పని ఆగలేదు. నేను లేనినాడు పని ఆగిపోవాలి అనుకొనేవాడు తన విలువ పెంచుకొంటున్నానని భ్రమపడతాడు. అతనికి జ్వరం వస్తే పది కుటుంబాల కూలి ఆగుతుంది. అంతే అతను సాధించింది. అందరూ పల్లకి ఎక్కితే మోసేవాళ్లు ఉండరు, నిజమే. కానీ మోసేవాళ్లలో నుండే రేపటి పెద్దను వెతికి నేర్పించాలి.

నేర్పడం అనేది మన సంఘం కూడా చేయదగిన పని. మన స్కాలర్‌షిప్పులు, పెండ్లి సహాయాలు, రోగుల సహాయాలు మంచివే, సాగాలి. వాటితో పాటు ఒక చిన్న ఏర్పాటు చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నెలకు ఒక ఆదివారం, కొత్తగా మేస్త్రీలు, సూపర్‌వైజర్లు అయిన మన పిల్లలను పిలిచి, అనుభవం ఉన్న పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. హాజరు పుస్తకం ఎట్లా రాయాలి, కూలి లెక్క ఎట్లా చూపాలి, ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కాగితాలు ఎవరికి వర్తిస్తాయి, యజమానికి ఒక మాట ఎట్లా చెప్పాలి, పనివానికి ఎట్లా చెప్పాలి. ఇవి ఏ కాలేజీలోనూ చెప్పరు. అన్ని మతాల పిల్లలనూ రానీయండి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారి పూనికతో 1947లో ఉస్మానియా కళాశాల వెలిసింది. మన రాయలసీమలో ఎన్ని వేల కుటుంబాలకు అది మేలు చేసిందో పెద్దలకు తెలుసు. మనకు అంత పెద్ద పని అక్కరలేదు. ఒక గది, ఒక నల్లబల్ల, ఇద్దరు ఓపికమంతులు చాలు.

సోదరులారా, మనలో ఎక్కువమందికి పెద్ద పదవులు రాకపోవచ్చు. ఇద్దరు మనుషుల మీద పెద్దరికం మాత్రం దాదాపు అందరికీ ఏదో ఒకనాడు వస్తుంది. ఆనాడు మన చేతికింద ఉన్నవాని కాలం, కూలి, ఒళ్లు, పరువు మన దగ్గర దాచిన సొత్తు అని గుర్తుంచుకొందాం. ఆ లెక్క యజమానికి చెప్పేది ఒకటి, అల్లాహ్ ముందర చెప్పేది ఇంకొకటి. రెండు లెక్కలూ ఒక్కటిగా ఉండే భాగ్యం మన పిల్లలకు అల్లాహ్ ప్రసాదించు గాక. ఆమీన్.